‘ఎలా ఉన్నావు?’ అని అడిగాక

(మానసిక ఆరోగ్యం మీద జరిగిన ఒక సభలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక లోపలికి వస్తుంటే తలుపు దగ్గర ఇద్దరు పలకరించుకోవడం వినిపించింది. "ఎలా ఉన్నారు?" "బాగున్నానండీ, మీరు?" "బాగున్నాం." అంతే, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. అందులో తప్పేమీ లేదు. పలకరింపు పలకరింపే, ఎదురైన ప్రతివాళ్ల దగ్గరా మనసు విప్పుకోనక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ ప్రశ్నకి అసలు జవాబు చెప్పుకోగలిగే చోటు చాలామందికి ఒక్కటి కూడా లేదు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, కొన్నాళ్లకి ఆ అసలు జవాబు వాళ్లకే తెలియకుండా పోతుంది. ఎవరికీ చెప్పని మాట మనకైనా ఎన్నాళ్లు గుర్తుంటుంది?

ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మానసిక ఆరోగ్యం అనగానే మనకి ముందు జబ్బు గుర్తొస్తుంది. డిప్రెషన్, టెన్షన్, నిద్ర పట్టకపోవడం. ఇవేవీ లేకపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకుంటాం. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి మొదట్లోనే ఈ మాటని సరిచేసింది. రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదు, శరీరం, మనసు, తోటివాళ్లతో మన జీవితం, ఇవన్నీ బాగుండాలి అంది. సరే, ‘బాగుండటం’ అంటే ఏమిటి? ఎవరి లెక్కలో బాగుండటం? ఈ ప్రశ్నని జీవితమంతా పట్టుకుని కూర్చున్న మనిషి కార్ల్ రోజర్స్. వ్యక్తి కేంద్రిత చికిత్స అని ఈ రోజు మనం పిలుస్తున్న పద్ధతికి మూలపురుషుడు ఆయనే.

రోజర్స్ 1902లో అమెరికాలో, చికాగో పక్కన ఓక్ పార్క్‌లో పుట్టారు. ఆయనకి 12 ఏళ్లప్పుడు కుటుంబం ఊరు వదిలి వ్యవసాయ క్షేత్రానికి మారింది. కాలేజీలో కూడా మొదట చేరింది వ్యవసాయ శాస్త్రంలోనే. తర్వాత చరిత్ర, కొన్నాళ్లు మతశాస్త్రం చదివి, ఆఖరికి మనస్తత్వశాస్త్రానికి వచ్చారు. కానీ మనుషుల గురించి ఆయన రాసింది చదువుతుంటే ఆ రైతు చూపు పోలేదనిపిస్తుంది నాకు. మొక్కని పట్టి పైకి లాగితే పెరగదు కదా. నేల, నీళ్లు, వెలుతురు చూసుకుంటాం. పెరిగే పని అదే చేసుకుంటుంది.

1928 నుంచి 12 ఏళ్లపాటు ఆయన రోచెస్టర్‌లో పిల్లల సమస్యలు చూసే ఒక సంస్థలో పనిచేశారు. అక్కడ జరిగిన ఒక సంగతి ఆయనే చెప్పుకున్నారు. ఒక తల్లి వచ్చేది. కొడుకు మహా అల్లరి, ఎవరికీ లొంగడు. రోజర్స్ చదువుకున్న చదువు ప్రకారం కారణం స్పష్టంగానే కనిపించింది. చిన్నప్పుడు ఆ పిల్లవాణ్ని తల్లి మనసారా దగ్గరకి తీసుకోలేదు. ఆ విషయం ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలని ఎన్నోసార్లు కూర్చున్నారు. మెత్తగా చెప్పి చూశారు, ఆమె చెప్పిన మాటలే ముందు పెట్టి చూశారు. ఎంతకీ ముందుకి సాగలేదు. చివరికి, "ఇద్దరం ప్రయత్నించాం, లాభం లేకపోయింది, ఇక ఆపేద్దాం" అన్నారు. ఆమె కూడా సరేనంది. చేతులు కలుపుకున్నారు. ఆమె తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అడిగింది: "మీరు ఇక్కడ పెద్దవాళ్లకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా?"

చేస్తామన్నారాయన. ఆమె వెనక్కి వచ్చి, లేచిన కుర్చీలోనే మళ్లీ కూర్చుంది. తన పెళ్లి గురించి, భర్తతో పడుతున్న అవస్థ గురించి, తాను ఓడిపోయానన్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు పిల్లవాడి గురించి చెప్పిన పొడి పొడి వివరాలకీ దీనికీ పోలికే లేదు. అసలు చికిత్స అప్పుడు మొదలైంది. చివరికి మంచి ఫలితమే వచ్చింది.

ఆ తలుపు దగ్గరి క్షణాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అన్నాళ్లూ ఆమె దగ్గర చెప్పుకోవాల్సింది ఉంది. ఎదురుగా తెలివైన మనిషి ఉన్నాడు, సాయం చేయాలన్న తపన ఉంది. అయినా ఆయన తన వివరణని చేత్తో పట్టుకుని ఉన్నంతసేపూ ఆమె మాటకి చోటు దొరకలేదు. ఎక్కడ నొప్పి పెడుతోందో, ఎటు కదలాలో నొప్పి ఉన్న మనిషికే తెలుస్తుందని రోజర్స్ అక్కడ నేర్చుకున్నారు. 1940 డిసెంబర్ 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ ఆలోచనల్ని బయటపెట్టారు. తన పద్ధతి పుట్టినరోజు ఏదంటే ఆ రోజే అనేవారు. ‘రోగి’ అన్న మాట వదిలేసి ‘క్లయింట్’ అనడం మొదలైందీ ఆ కాలంలోనే. మాట మారితే ఏమవుతుంది అనుకోకండి. రోగి అంటే వైద్యుడి ముందు పడుకున్నవాడు. క్లయింట్ అంటే తన పని మీద తాను వచ్చినవాడు.

ఆయన చెప్పిన ఇంకో విషయం. చిన్నప్పుడు వాళ్లింట్లో చలికాలానికని బంగాళాదుంపలు నేలమాళిగలో పోసి ఉంచేవారు. వెలుతురు వచ్చేది ఎక్కడో పైనున్న చిన్న కిటికీలోంచే. అయినా ఆ దుంపలు మొలకెత్తేవి. మట్టిలో వేస్తే వచ్చే పచ్చటి మొలకల్లా ఉండవు. తెల్లగా, పాలిపోయి, పీలగా, రెండు మూడు అడుగుల పొడవున ఆ కిటికీ వైపు సాగేవి. అవి ఎప్పటికీ మొక్కలు కాలేవు. అయినా సాగేవి. మానసిక చికిత్సాలయాల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న మనుషుల్ని చూసినప్పుడు ఆయనకి ఆ మొలకలే గుర్తొచ్చేవట. వాళ్ల ప్రవర్తన మనకి వింతగా, వికారంగా కనిపించవచ్చు. కానీ అది వాళ్లకున్న చీకట్లో, వాళ్లకి తెలిసిన దారిలో వెలుతురు వైపు సాగడమే. నా దగ్గరికి ఎవరైనా వచ్చి ‘నేనింతే, బాగుపడను’ అన్నప్పుడు నేనూ ఆ కిటికీనే తలుచుకుంటాను. ఈ మనిషి ఎటు సాగుతున్నాడు, ఎంత వంకరగానైనా సరే, అని చూస్తాను.

మరి అంత శక్తి లోపలే ఉంటే మనం ఎందుకు ఇలా అయిపోతాం?

పసిపిల్లల్ని చూడండి. ఆకలేస్తే ఏడుస్తారు, కడుపు నిండితే మొహం తిప్పేస్తారు. ఏది కావాలో ఏది వద్దో వాళ్లకి లోపలి నుంచే తెలుస్తుంది. కాస్త పెద్దయ్యాక ఇంకో ఆకలి తెలుస్తుంది. అమ్మానాన్నల మెప్పు కావాలి, వాళ్ల కళ్లలో మనం మంచిగా కనిపించాలి. అది తప్పు కాదు, అది లేకుండా ఏ పిల్లా పెరగదు. చిక్కు ఎక్కడంటే ఆ ప్రేమకి షరతులు అంటుకోవడంలో. "ఏడవకపోతేనే బంగారుతల్లివి." "మంచి పిల్లలకి కోపం రాదు." "అబ్బాయివి, భయమేంటి నీకు?" ఇవి అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మనమే అంటాం, ప్రేమతోనే అంటాం. కానీ పిల్లవాడు దాన్ని ఎలా విన్నాడు? ‘నాకు కోపం వస్తే నేను వీళ్లకి అక్కర్లేదు’ అని విన్నాడు. దాంతో కోపాన్ని వదిలేయలేక, దాని పేరు వదిలేస్తాడు. ముప్పై ఏళ్లు వచ్చాక ‘నాకసలు కోపమే రాదండీ, తలనొప్పి మాత్రం వస్తుంటుంది’ అంటాడు.

మన భాషలో దీనికి గొప్ప మాట ఉంది. ‘నలుగురు.’ నలుగురు ఏమనుకుంటారు, నలుగురిలో తలెత్తుకోవాలి, నలుగురూ నవ్వుతారు. ఆ నలుగురూ ఎవరో మనం ఎప్పుడూ చూడలేదు. కానీ వాళ్లు మన లోపలికి వచ్చి కూర్చుంటారు. మనం ఒంటరిగా గదిలో ఉన్నా వాళ్లు ఉంటారు. మనం బాగున్నామో లేదో తేల్చేది వాళ్లే. నలుగురి మాట అస్సలు పట్టించుకోవద్దని నేను అనను, మనుషుల మధ్యే కదా బతకాలి. వాళ్ల గొంతు తప్ప మన గొంతు వినిపించని స్థితి వచ్చినప్పుడే మనసు అలిసిపోతుంది. లోపల జరుగుతున్నది ఒకటి, ‘నేను ఇలాంటి మనిషిని’ అని మనం చెప్పుకునేది ఇంకొకటి. ఆ రెండింటికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ ఊరికే ఆందోళనగా ఉంటుంది. ఎందుకో చెప్పలేం.

ఆ ఎడం తగ్గాలంటే ఏం కావాలి? 1957లో రోజర్స్ ఒక వ్యాసంలో ఆరు పరిస్థితులు చెప్పారు. అన్నీ వల్లె వేయను. వాటిలో మూడు సాయం చేసే మనిషిలో ఉండాల్సినవి. ఆ మనిషి లోపలొకటి బయటొకటిగా ఉండకూడదు. ఎదుటి మనిషిని షరతులు పెట్టకుండా ఆదరించాలి. వాళ్ల లోకం వాళ్లకి ఎలా కనిపిస్తోందో అలాగే చూడగలగాలి, కానీ అది వాళ్లదేనన్న ఎరుక పోకూడదు. వాళ్లతోపాటు మనమూ మునిగిపోతే ఇక ఒడ్డున ఎవరుంటారు? ఈ మూడూ పుస్తకాల్లో అందరూ చదువుతారు. నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది చివరిది, ఆరోది. ఈ ఆదరణ, ఈ అర్థం చేసుకోవడం ఎదుటి మనిషికి కాస్తయినా తెలియాలి. ‘నాకు నా పిల్లలంటే ప్రాణం’ అనే తల్లిదండ్రుల్ని ఎంతమందినో చూశాను. నిజమే, ప్రాణమే. పిల్లల్ని అడిగితే ‘వాళ్లకి నా మార్కులంటే ప్రాణం’ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ప్రేమ ఉంది, చేరలేదు.

వినడం చేతకాకపోతే ఎంత మంచి మనసున్నా చేరదని నేను నా తప్పు వల్లే నేర్చుకున్నాను. రోజర్స్ కౌన్సెలింగ్ సంభాషణల్ని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయించి, 1942లో ఒక కేసు మొత్తాన్ని పొల్లుపోకుండా అచ్చు వేయించారు. అంతకుముందు ఆ గదిలో ఏం జరుగుతుందో బయట ఎవరికీ తెలిసేది కాదు. మా శిక్షణలో కూడా క్లయింట్ ఒప్పుకుంటే రికార్డు చేసి మళ్లీ వినాలి. ఒక కుర్రాడు వచ్చాడు, చదువు మీద మనసు నిలవడం లేదన్నాడు. నేను చాలా శ్రద్ధగా మాట్లాడాను. టైం ఎలా కేటాయించుకోవాలి, ఫోన్ ఎలా పక్కన పెట్టాలి, అన్నీ చెప్పాను. బాగా చేశాననే అనుకున్నాను. సాయంత్రం రికార్డింగ్ విన్నాను. మొదటి పది నిమిషాల్లోనే ఆ అబ్బాయి అన్నాడు, "మా అన్నయ్య వెళ్లిపోయినప్పటి నుంచీ ఇంతే." నేను ఆ మాట దాటి వెళ్లిపోయాను. అక్కడి నుంచి వాడి జవాబులు చిన్నవైపోయాయి. నేను మాట్లాడుతుంటే వాడు "ఊఁ" అంటున్నాడు, "ఊఁ" అంటున్నాడు. నేను ఊ కొట్టాల్సిన చోట ఆ పిల్లవాడు నాకు ఊ కొట్టాడు. వాడు మళ్లీ రాలేదు. ఆ "ఊఁ" ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఊ కొట్టడం అంటే ఏదో చిలకలా వాళ్లు అన్నదే తిప్పి అనడం కాదు. ఈ పద్ధతి మీద అలాంటి అపార్థం మొదటి నుంచీ ఉంది, రోజర్స్‌ని అది చాలా నొప్పించింది కూడా. అసలు ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. వివరాలు మార్చి చెబుతున్నాను, ఆ మనిషి ఎవరో తెలిసే వీలు లేకుండా.

ఒకావిడ. ఎన్నో ఏళ్లు మంచాన ఉన్న తల్లికి అన్నీ తానే చేసింది. తల్లి పోయి రెండు నెలలైంది. ఒళ్లో బ్యాగు పెట్టుకుని, దాని జిప్పు లాగుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది.

"అమ్మ పోయాక ఒక్కసారి కూడా ఏడుపు రాలేదండీ" అంది.

"ఒక్కసారి కూడా రాలేదు."

"అందరూ గట్టిదానివి అంటున్నారు. గట్టిగా ఏం లేను." చాలాసేపు ఆగింది. "ఖాళీగా ఉన్నట్టు... కాదు. ఖాళీ కాదు."

"ఖాళీ అంటే సరిపోవడం లేదు."

"ఊహూఁ." జిప్పు ఆగింది. "తేలిగ్గా ఉంది."

అని, ఒక్కసారిగా నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ‘ఇప్పుడు నేను మీకు ఎలా కనిపిస్తున్నాను?’ అని అడిగే చూపు. ఆ క్షణంలో ‘అయ్యో, అలా అనుకోకండి, మీరెంత చేశారు’ అనేయడం చాలా సులువు. మంచి మాటే. కానీ ఆమె అప్పుడే తెరిచిన తలుపు ఆ మంచి మాటతోనే మూసుకుపోతుంది. నేను అన్నాను, "తేలిగ్గా ఉంది. ఆ మాట పైకి అన్నందుకు భయంగా కూడా ఉన్నట్టుంది."

ఆమె "తొమ్మిదేళ్లు నేను నిద్రపోలేదండీ" అంది. అప్పుడు ఏడ్చింది.

చూడండి, ‘మంచి కూతురు’ అనే షరతులో ‘తేలిగ్గా ఉంది’ అన్న మాటకి చోటు లేదు. దాన్ని లోపల నొక్కి పట్టడంలో దుఃఖం కూడా నొక్కుకుపోయింది. ఒకటి బయటికి రాగానే రెండోది దాని వెనకే వచ్చింది. నేను చేసింది ఏముంది? ఆ మాట విన్నాక కూడా నా మొహం మారలేదు, అంతే.

‘ఖాళీ... కాదు, ఖాళీ కాదు’ అని ఆమె వెతుక్కుంది కదా, దాని మీద రోజర్స్ సహచరుడు యూజీన్ జెండ్లిన్ చాలా పని చేశారు. చికాగోలో వాళ్లు కౌన్సెలింగ్ రికార్డింగులు విని పరిశీలించారు. గలగలా, పొందిగ్గా మాట్లాడేవాళ్లకంటే ఇలా మధ్యలో ఆగి, మాట కోసం లోపల తడుముకునేవాళ్లే ఎక్కువ బాగుపడుతున్నట్టు గమనించారు. వాళ్లు తల లోంచి మాట్లాడటం లేదు. గుండెలోనో, గొంతులోనో, కడుపులోనో ఇంకా పేరు పెట్టని ఒకదాన్ని పట్టుకుని, ఈ మాట దానికి నప్పుతుందా, ఆ మాట నప్పుతుందా అని చూసుకుంటున్నారు. సరైన మాట దొరికినప్పుడు ఒళ్లు తెలిసేలా ఊపిరి వదులవుతుంది. ‘గుండె బరువు దిగింది’ అని మనం ఊరికే అనం. జెండ్లిన్ ఇదే పనిని ఎవరైనా నేర్చుకునేలా ఒక పద్ధతిగా కూడా మలిచారు.

ఇక బాగా బతకడం అన్న మాట. రోజర్స్ దృష్టిలో అది ఎక్కడికో చేరుకోవడం కాదు, ఒక దిశలో నడుస్తూ ఉండటం. ఎప్పుడూ ప్రశాంతంగా, నవ్వుతూ ఉండటం ఆయన లెక్కలో ఆరోగ్యం కాదు. కౌన్సెలింగ్ బాగా సాగినవాళ్లలో నేను చూసింది కూడా అదే. వాళ్లకి దుఃఖం వస్తుంది, మునుపటికంటే ఎక్కువే తెలుస్తుంది. భయం వస్తుంది. కానీ భయం వేస్తున్నందుకు భయపడటం తగ్గుతుంది. ‘చెయ్యాలి, ఉండాలి, తప్పదు’ అన్న మాటలు పలచబడతాయి. ‘నాకు ఇది నచ్చలేదు’ అని పెద్ద గొడవ లేకుండా చెప్పగలుగుతారు. చిత్రమేమిటంటే, తమని తాము ఉన్నట్టు ఒప్పుకోవడం మొదలుపెట్టాకే మార్పు వస్తుంది. మారాలి మారాలి అని తమ మీద తామే కర్ర పట్టుకున్నన్నాళ్లూ రాదు. ఒప్పుకోవడం అంటే చేసే ప్రతి పనినీ సమర్థించుకోవడం అనుకోవద్దు. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషిని నేను మనిషిగా ఆదరిస్తాను. చెయ్యి చేసుకోవడం తప్పని నా మొహం దాచుకోకుండా చెబుతాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఇది దాటవేస్తే మీకు అన్యాయం చేసినట్టే. వినడంతో అన్నీ నయం కావు. 1957లో విస్కాన్సిన్ వెళ్లాక రోజర్స్ బృందం స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లతో ఇదే పద్ధతిలో పనిచేసింది. ఆశించినంత ఫలితం రాలేదు. ఆయన చెప్పిన పరిస్థితులు ముఖ్యమేనని చాలామంది ఒప్పుకున్నా, అవి ఉంటే చాలు అన్నదాని మీద ఈనాటికీ వాదన ఉంది. తీవ్రమైన డిప్రెషన్, లేని గొంతులు వినిపించడం లాంటివి ఉంటే సైకియాట్రిస్ట్‌ని కలవాలి, మందులు అవసరమైతే వాడాలి. ఎవరైనా ‘బతకాలని లేదు’ అంటే మాట మార్చకండి. ‘చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. వాళ్లని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే సాయం అందేలా చూడండి.

టైం అయినట్టుంది. ఒక ప్రశ్న తీసుకుంటాను. వెనక వరసలో... చెప్పండి బాబూ.

(సభలో ఒక యువకుడు: "మేడం, నేను అందరి మాటా వింటాను. నా మాట వినేవాళ్లే లేరు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే పరిస్థితి కూడా లేదు. ఒక్కణ్నే ఏం చేసుకోగలను?")

ఈ మాట ఇంతమందిలో అడగడం తేలిక కాదు బాబూ. అందరి మాటా వింటూ, నీ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలిసిపోయినట్టున్నావు.

... తల ఊపావు. సరే. రెండు చెబుతాను. రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, ‘ఇప్పుడు నా లోపల ఎలా ఉంది?’ అని అడుగు. వెంటనే వచ్చే జవాబు ‘బాగానే ఉంది’ అవుతుంది. దాన్ని నమ్మకుండా, తిట్టకుండా, ఇంకాసేపు ఉండు. ఏదో బరువుగానో, చిరాగ్గానో తగులుతుంది. దానికి పేరు వెతుకు. కాగితం మీద రాసుకున్నా మంచిదే. ఎందుకు అలా ఉంది అని అప్పుడే విచారణ పెట్టకు.

రెండోది, నీకు తెలిసినవాళ్లలో కాస్త నెమ్మదైన మనిషిని ఒక్కరిని ఎంచుకో. చెప్పడం మొదలుపెట్టే ముందే, ‘నాకు సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు’ అని అడుగు. చాలామంది సలహా ఇచ్చేది వినడం ఇష్టం లేక కాదు, అదే సాయం అనుకుని. అడిగితే వినేవాళ్లు నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. మొదటి మనిషి వినకపోతే నీ మాట విలువ తగ్గినట్టు కాదు, ఇంకొకరిని చూడు.

ఈ సభ అయ్యాక నేను ఇంకో అరగంట ఇక్కడే ఉంటాను. నీకు రావాలనిపిస్తే రా, ముందు వరసలో కూర్చుందాం.